మన అమ్మాయిని ఏమని పిలుద్దాం?

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటింటి పని ఒక కొలిక్కి వచ్చి, కాస్త నడుం వాల్చుదామా అనుకునే వేళ ఇది. ఈ వేళప్పుడు మీకు ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో చెప్పడం మాకు అలవాటు. ఇవాళ మాత్రం ఒకే ఒక్క మాట గురించి చెబుదామని వచ్చాను. మాట అంటే కబుర్లు కాదు సుమండీ, నిజంగా మాటే, నిఘంటువులో ఉండే మాట. ఆ మాట దగ్గర నేనొకసారి ఈ మైకు ముందే తప్పులో కాలేశాను. కొన్నేళ్ళు గడిచాక అదే మాట మా ఇంట్లోకి వచ్చి, మా అత్తగారికీ నాకూ మధ్య కూర్చుంది. అంచేత చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. 2018 మే 21వ తేదీన మన నౌకాదళానికి చెందిన తారిణి అనే తెరచాప నావ గోవాకు తిరిగి వచ్చింది. దాని పొడవు పదిహేడు మీటర్లు, అంతే. అందులో ఆరుగురు అమ్మాయిలు. 2017 సెప్టెంబరు 10న బయలుదేరి, 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. నాయకురాలు వర్తికా జోషి. మిగిలిన అయిదుగురిలో ఇద్దరు మన తెలుగుపిల్లలే. పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది మన హైదరాబాదు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ ఉత్సాహంలో మహిళావార్తలు చదువుతూ, "ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు యాచ్ట్స్‌మెన్‌కు మన అభినందనలు" అన్నాను.

వారం తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, ఎవరో పెద్దవాళ్ళవి. "అమ్మా, ఆ మాటలో చ పలకదు. యాట్ అనాలి. అదలా ఉంచండి. ఆరుగురూ ఆడపిల్లలే కదా, మీ మెన్ ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని రెండు ముక్కలు రాశారు. సంతకం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను చదివింది పదో తరగతి. తెలియని మాట కనబడితే నిఘంటువు తీయడం నాకు అలవాటే గాని, ఆ రోజు తీయలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఆ పేజీ దగ్గరే ఉంది.

సరే, ఆ మాట సంగతి చూద్దాం.

యాట్ అనే మాట ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదండీ, డచ్చివాళ్ళది. వాళ్ళ భాషలో దానికి వేట అని అర్థం. పెద్ద ఓడలు వెళ్ళలేని చోటికి చురుగ్గా వెళ్ళి, శత్రువుల్నీ సముద్రపు దొంగల్నీ తరమడానికి వాళ్ళు తేలికపాటి ఓడలు కట్టుకున్నారు. వాటిని వేట ఓడలన్నారు. ఈ డచ్చివాళ్ళు మనకు కొత్తవాళ్ళేం కాదు. 1605లోనే మచిలీపట్నం వచ్చి వ్యాపారం మొదలుపెట్టారు. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఆ మాట లండను దొరలకు ముద్దుమాట కాకముందే, మన తీరంలో దాన్ని పలికేవాళ్ళు తిరిగారన్నమాట.

1660లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు ఆమ్‌స్టర్‌డాం వాళ్ళు అలాంటి ఓడ ఒకటి కానుకగా ఇచ్చారు. దాని పేరు మేరీ. రాజుగారు దాన్ని వేటకూ వాడలేదు, యుద్ధానికీ వాడలేదు. సరదాగా తిరగడానికి వాడుకున్నారు. రాజు చేస్తే ప్రభువులు చేయరూ? అక్కడినుంచి ఆ మాటకు అర్థం మారింది. వేట ఓడ కాస్తా విలాసనౌక అయింది. దాన్ని నడిపేవాడు యాట్స్‌మన్ అయ్యాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, మీరు గమనించాలి. ఇంగ్లీషులో ఓడమీద పనిచేసేవాణ్ణి సెయిలర్ అంటారు. వాడికి జీతం ఉంది, పైన అధికారి ఉన్నాడు. యాట్స్‌మన్‌కు జీతం లేదు. తన ఇష్టం కోసం నీటిమీదికి వెళతాడు. పడవ అదే, గాలి అదే, తాడు లాగితే చేతులు బొబ్బలెక్కడమూ అదే. కానీ "నీకేం వస్తుందయ్యా?" అని వాణ్ణెవరూ అడగరు. అడక్కూడదని ఆ మాటలోనే ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మరి మన తెలుగులో ఏముంది? నీటిమీద తేలేవాటికి మనకు పేర్లకు కొదవ లేదు. పడవ, ఓడ, నావ, దోనె, తెప్ప, నాటుపడవ, మరపడవ. రెండు వేల ఏళ్ళ కిందట శాతవాహనులు రెండు కొయ్యల ఓడబొమ్మను నాణేలమీద వేయించారు. పదిహేడో శతాబ్దంలో నరసాపురం దగ్గర విదేశీ కంపెనీలు సైతం ఓడలు కట్టించుకునేవి. అంత సముద్రం తెలిసిన జాతి మనది.

నడిపేవాళ్ళ పేర్లు చూడండి. గోదావరి లాంచీ ఎక్కినవాళ్ళకు సరంగు తెలుసు. అది పారసీ మాట, సేనకు పెద్ద అని అర్థం. మన రేవుల్లోకి వచ్చి లాంచీకి పెద్ద అయింది. శ్రీకాకుళం వైపు మత్స్యకారుల పడవకు పెద్ద తండేలు. 2025లో ఆ పేరుతో సినిమా వచ్చాక పట్నాల్లో కూడా అందరికీ తెలిసింది. కళాసీ ఉన్నాడు, రైల్వేలో కూడా విన్నమాటే. చుక్కాని అరబ్బు నావికుల మాట, లంగరు పారసీకులది. సముద్రం మాటల్ని ఇటునుంచి అటు మోస్తూనే ఉంటుంది. ఎవరి మాట ఎవరిదని దానికి పట్టింపు లేదు.

అయితే ఈ పేర్లన్నీ బతుకుతెరువు పేర్లు. సరంగు, తండేలు, కళాసీ, జాలరి, అందరూ పొట్ట కోసం నీళ్ళమీదికి వెళ్ళినవాళ్ళే. అది గొప్ప విద్యే, గౌరవించవలసిన విద్యే. కానీ ఇష్టం కోసం, ఆట కోసం గాలితో పడవ నడిపేవాళ్ళకు మనకొక పేరంటూ లేదు. ఆడవాళ్ళకయితే అసలే లేదు.

ఆడవాళ్ళకు పేరు ఎందుకు లేదూ, నావికుడికి నావికురాలు అంటే సరిపోదా అంటారేమో. సరిపోతుంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది. నాయకుడు నాయకురాలు, సేవకుడు సేవకురాలు అన్నట్టే. ఆ అమ్మాయిల ప్రయాణానికి పెట్టిన పేరు నావికా సాగర్ పరిక్రమ. ఆ నావికా అన్నది స్త్రీలింగమే. మనం నౌకాదళాన్ని నావికాదళం అని కూడా అంటుంటాం కదా, ఆ లెక్కన ఎప్పటినుంచో ఆడవాళ్ళ దళమనే అంటున్నామా అని నాకు నవ్వొచ్చింది. తారిణి అన్న పేరూ ఆడపేరే. ఒడిశాలో తారాతారిణి అమ్మవారి పేరు పెట్టారు. సంస్కృతంలో ఆ మాటకు దాటించేది, పడవ అని అర్థం. పడవ ఆడది, దాన్ని పంపిన అమ్మవారు ఆడది, నడిపినవాళ్ళు ఆడవాళ్ళు. నేను మాత్రం మెన్ అని చదివాను!

ఇక 2025కు వద్దాం. ఆ ఏడు మే నెలాఖరున ఇంకో ఇద్దరు నౌకాదళ అధికారిణులు, దిల్నా, రూప, అదే తారిణిమీద ఎనిమిది నెలలు ప్రయాణం చేసి, భూమిని చుట్టి గోవా చేరారు. ఈసారి ఇద్దరే. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకుని నడిపిన ప్రయాణం. టీవీలో ఆ వార్త చూసిన మా అమ్మాయి, "అమ్మా, నేనూ నేర్చుకుంటాను. హుస్సేన్ సాగర్‌లో నేర్పుతారట" అంది. దానికి పన్నెండు నిండాయి.

హుస్సేన్ సాగర్ మనకు బుద్ధవిగ్రహం, టాంక్‌బండ్‌మీద మొక్కజొన్నపొత్తులు, వినాయక నిమజ్జనం, అంతే కదా. కానీ ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన ఆ చెరువుమీద చాలాకాలంగా తెరచాప పడవలు తిరుగుతున్నాయి. సికింద్రాబాదు సైన్యంవాళ్ళు నేర్చుకునేవారు. 2009లో సుహేమ్ షేక్ అనే ఆయన హైదరాబాద్ యాట్ క్లబ్ మొదలుపెట్టాక మామూలు ఇళ్ళ పిల్లలు, బస్తీల పిల్లలు కూడా వస్తున్నారు. వానాకాలం గాలికి అక్కడ పోటీలు జరుగుతాయి. దేశం నలుమూలలనుంచీ పిల్లలు వస్తారు.

పిల్లలు నేర్చుకునే పడవ పేరు ఆప్టిమిస్ట్, అంటే ఆశావాది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవలు కట్టే ఆయన, తక్కువ ఖర్చులో పిల్లలకోసం ప్లైవుడ్‌తో దాన్ని తయారుచేశాడు. ఏడు అడుగుల పైచిలుకు పొడవు, ముప్ఫయ్యయిదు కిలోల బరువు, ఒక తెరచాప, ఒకే మనిషి. పదిహేనేళ్ళ వరకూ దాంట్లో పోటీ చేయవచ్చు. చూడ్డానికి మన పిండి కలిపే పెద్ద తొట్టిలాగే ఉంటుంది.

పేర్లు రాయించడానికి ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. పై వరసలోనే యాట్స్‌మన్ పేరు అని అచ్చేసి ఉంది. ఏనాటి కాగితమో పాపం. నాకు పోస్టుకార్డు గుర్తొచ్చింది. పెన్ను తీసి ఆ మన్ కొట్టేసి, పైన అమ్మాయి పేరు రాశాను. కింద తండ్రి సంతకం. మా వారు పెన్ను పట్టుకుని, "అమ్మకు ఒక మాట చెబుదాం" అన్నారు.

అమ్మ అంటే మా అత్తగారు. సురంగల్‌లో ఉంటారు. మొయినాబాద్ మండలం, చేవెళ్ళ దారి. మా మండలానికి ఇటు గండిపేట, అటు హిమాయత్ సాగర్. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాదు కొట్టుకుపోయాక, మళ్ళీ అలాంటి గండం రాకుండా 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. అంటే మా అత్తగారు పుట్టిననాటినుంచీ పక్కనే సముద్రంలాంటి నీళ్ళున్నాయి. అయినా ఆమె ఏనాడూ పడవ ఎక్కలేదు.

సంగతి చెప్పగానే ఆమె, "ఏందే బిడ్డా, పడవ నడుపుడు మనకెందుకు? చేపలు పడ్తదా ఏంది?" అన్నారు.

"చేపలకు కాదత్తమ్మా, ఆట అది."

"ఆటనా? దాంతోని నౌకరి వస్తదా?"

"ఇప్పుడే ఏం చెబుతాం."

"మరి ఏమంటరే దాన్ని? బడికి పోతే చదువుకుంటున్నదంటం. కుట్టుడు నేర్చుకుంటే కుట్టుడంటం. రేపు ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

చూశారా? ఆమెకు నీళ్ళంటే భయం కన్నా పేరు లేకపోవడం పెద్ద ఇబ్బందయింది. నేను యాట్ అన్నాను, యాటింగ్ అన్నాను. తెలంగాణ పల్లెలో యాట అంటే ఏమిటో మీకు తెలుసు కదా! "యాటతోని పనేంది నీళ్ళల్ల?" అని ఆమె నవ్వాపుకోలేకపోయారు. నేనూ నవ్వేశాను. ఆ నవ్వులో సరేనన్నారు. సంతకం పడింది.

నెల్లాళ్ళు బాగానే గడిచింది. శని ఆదివారాలు పొద్దున్నే వెళ్ళేది. ఎండకు మొహం నల్లబడింది. చెరువు వాసన బట్టలకు పట్టుకుని రెండుసార్లు ఉతికినా పోయేది కాదు. అయితే ఇంటికి వచ్చి చెప్పే మాటలు వింటుంటే నాకు వంట సాగేది కాదు. గాలి ఎదురుగా వస్తుంటే పడవ దానికి సూటిగా పోలేదట. సగం కోణంలో ఒక పక్కకు కొంత దూరం, తెరచాప తిప్పి రెండో పక్కకు కొంత దూరం, అలా వంకరటింకరగా పోతేనే ఎదురుగాలిలో ముందుకు పోగలమట. తెరచాప తిప్పేటప్పుడు కింద అడ్డకర్ర గిర్రున తిరుగుతుంది, తల వంచకపోతే బొప్పి కడుతుంది. "తల ఎప్పుడు వంచాలో తెలిస్తే చాలమ్మా" అంది. ఆ విద్య మనకు కొత్తా చెప్పండి!

జూలైలో ఒక ఆదివారం గాలి జోరుగా ఉంది. నేను ఒడ్డున సంచి పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఉన్న ఒక తెల్లచాప పక్కకు ఒరిగింది, ఒరిగి నీళ్ళమీద పడుకుంది. చాపమీది నంబరు చూశాను. మా అమ్మాయిదే. నా ప్రాణం ఎక్కడుందో నాకు తెలియలేదు. తల కనబడింది, నారింజరంగు కోటు కనబడింది. నేర్పే ఆయన మరపడవ దగ్గరికి వెళ్ళింది గాని, చేయి అందించలేదు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి ఈదుకుంటూ పడవ అడుగుకు వెళ్ళి, నీళ్ళలోకి దిగి ఉండే పలకను పట్టుకుని, దానిమీద కాళ్ళు పెట్టి బరువంతా వేసింది. చాప మెల్లగా లేచింది. పడవలోకి పాకి, నీళ్ళు తోడుకుని మళ్ళీ బయలుదేరింది. అదంతా రెండు నిమిషాల పని. నాకు రెండు గంటలయింది.

తర్వాత తెలిసింది, పడవ తిరగబడితే లేపడమే వాళ్ళకు మొట్టమొదటి పాఠమట. ఈత వచ్చి ఉండాలి. లైఫ్ జాకెట్ లేనిదే నీళ్ళలోకి దించరు. పక్కన కాపలా పడవ ఉండాలి. మీలో ఎవరైనా పిల్లల్ని పంపదలిస్తే ఈ మూడూ ముందు చూసుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా పంపకండి.

కానీ ఆ రాత్రి ఇవేవీ నాకు ఊరట కాలేదు. ఊరికి ఫోను చేసినప్పుడు నోరుజారాను. అత్తగారు గట్టిగా అన్నారు. "ఇగ చాలు. చేపలు లేవు, పైసలు లేవు, దేనికోసం పోవాలె నీళ్ళల్లకు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా వారి దగ్గరా లేదు. రెండు వారాలు అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్కమాట మాట్లాడలేదు. అన్నం తిని గదిలోకి వెళ్ళిపోయేది.

అప్పుడు నేను మళ్ళీ నిఘంటువు తీశాను. పోస్టుకార్డు ఉన్న పేజీయే. యాట్స్‌మన్ అంటే సరదాకోసం తెరచాప నావ నడిపేవాడు అని ఉంది. దేనికోసం అని అడగనక్కరలేని మనిషి. మూడు వందల అరవై ఏళ్ళ కిందట ఒక రాజుకు దొరికిన ఆ హక్కు, మెల్లమెల్లగా ధనవంతులకు దొరికింది. తర్వాత మామూలు మగవాళ్ళకు దొరికింది. మన వీధిలో మగపిల్లలు పొద్దస్తమానం క్రికెట్టు ఆడుతుంటే, దేనికోసం అని మనమెవరమైనా అడిగామా? ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతిదానికీ లెక్క అడుగుతాం. దీనివల్ల ఉద్యోగం వస్తుందా, సంబంధం వస్తుందా, ఇంటికి పనికొస్తుందా అని. పిల్లలదాకా ఎందుకు, మనసంగతే చూడండి. ఇష్టపడి ఏదైనా చేస్తే పనీపాటా లేదు అంటారు. ఇన్నేళ్ళుగా రేడియోలో మాట్లాడుతున్నాను. మావాళ్ళు నాగురించి చెప్పేటప్పుడు, "ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది, అప్పుడప్పుడు రేడియోకు పోతుంది" అంటారు. కోపంతో చెప్పడం లేదు. దానికి వాళ్ళ దగ్గర మాట లేదు, అంతే.

ఆడవాళ్ళు ఈ విద్యలో నిన్నా ఇవాళా అడుగుపెట్టారనుకోకండి. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ఎలెన్ ద పూర్తలేస్ అనే స్విట్జర్లాండు ఆవిడ, భర్తతో కలిసి తెరచాప నావ నడిపి గెలిచింది. ఒలింపిక్స్‌లో గెలిచిన మొట్టమొదటి స్త్రీ ఆవిడే. ఆడవాళ్ళకని ప్రత్యేకంగా పోటీ పెట్టడానికి మాత్రం 1988 సియోల్ ఒలింపిక్స్ దాకా ఆగవలసి వచ్చింది. మన దేశంనుంచి మొదట వెళ్ళిన అమ్మాయి చెన్నైకి చెందిన నేత్రా కుమనన్. 2021లో టోక్యోకు వెళ్ళింది.

ఆ ఒలింపిక్స్‌వాళ్ళు కూడా మాట మార్చుకున్నారండీ. 1996 దాకా ఆ ఆటను యాటింగ్ అనేవారు. 2000లో సిడ్నీనుంచి సెయిలింగ్ అంటున్నారు. ప్రపంచ సంఘం పేరులోంచీ యాట్ తీసేశారు. సరదాకు నడిపేవాడికీ జీతానికి నడిపేవాడికీ మధ్య ఉన్న గోడను మాటలో కూల్చేశారన్నమాట. మన దేశపు సంఘం మాత్రం 1960నుంచీ యాటింగ్ అసోసియేషన్ గానే ఉంది. మాట్లాడేటప్పుడు యాటీ అని కూడా అంటారు, అది చనువుమాట. పెద్ద పెద్ద విలాసనౌకల్లో జీతానికి పనిచేసేవాళ్ళనూ ఇప్పుడు అదే అంటున్నారు. చూశారా, జీతం లేనివాడి మాట తిరిగి తిరిగి జీతగాడి దగ్గరికే వచ్చింది!

ఆగస్టులో ఒక శనివారం అత్తగారు చెప్పాపెట్టకుండా పట్నం వచ్చారు. "రేపు నన్ను గా చెరువు కాడికి తోల్కపోండి. చూసినంక చెప్త" అన్నారు. మర్నాడు సంజీవయ్య పార్కు వైపు ఒడ్డున చాపేసుకుని కూర్చున్నాం. మా అమ్మాయి తాడు ముడేసి, చాప ఎగరేసి, పడవను నెట్టుకుంటూ మోకాలులోతు దాకా వెళ్ళి ఎక్కి కూర్చుంది. గాలి పట్టింది. పడవ చప్పుడు లేకుండా జరిగిపోయింది. అత్తగారు చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత ఆమె అన్నమాట నేను మర్చిపోలేను. "మేము బతుకమ్మలను నీళ్ళల్ల ఇడిసి ఒడ్డుమీదికెల్లి మర్లి వస్తుంటిమి. ఏండ్లకు ఏండ్లు గట్లనే. బతుకమ్మ ఏడిదాంక పోతదో చూడనే లేదు. ఇది పోయి చూస్తున్నది."

అమ్మాయి ఒడ్డుకు వచ్చాక మళ్ళీ ఆమెకు పేరు గుర్తొచ్చింది. "ఇంతకు ఏమంటరే పిల్లా నిన్ను?" నేను సరంగు, తండేలు, నావికురాలు అన్నీ వరసగా చెప్పాను. సరంగు దగ్గర ఆగారు. "సరంగా? మనూరి పేరు లెక్కనే ఉన్నది. సురంగల్ సరంగు!" అని మనవరాలి తడి జుట్టు కొంగుతో తుడిచారు. ఇప్పుడు ఊళ్ళో ఎవరడిగినా, "మా మనుమరాలు సరంగు" అని చెబుతున్నారు. ఎంత జీతమని ఒకాయన అడిగాడట. "జీతమెందుకు? దానిష్టం" అన్నారట. ఆమెకు యాట్స్‌మన్ మాట రాదు గాని, దాని అర్థం నాకన్నా బాగా చెప్పారు.

ఇక వాడుక సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పడవ పేరు యాట్ అందాం. చ పలకవద్దు. నడిపేవాళ్ళను మన్ అనవద్దు. యాట్స్‌వుమన్ అన్నా నోరు తిరగదు. ఒక్క అమ్మాయి అయితే నావికురాలు అందాం. పదిమంది కలిసి ఉంటే నావికులు వచ్చారు అంటే చాలు. ఆడా మగా అందరూ అందులో ఉంటారు. ఆ సౌకర్యం మన తెలుగుకు ఉంది. డాక్టరుగారు వచ్చారు, వకీలుగారు వచ్చారు అంటే ఆడో మగో ఎవరూ అడగరు కదా. ఇంట్లో ముద్దుగా సరంగు అన్నా తప్పులేదు. ఆ మాటకు ఆడామగా తేడా లేనే లేదు. సరంగు వచ్చిందంటే వచ్చింది, వచ్చాడంటే వచ్చాడు.

2018లో నేను చదవవలసిన వాక్యం ఇప్పుడు చదువుతున్నాను. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు నావికులకు మన అభినందనలు. పోస్టుకార్డు రాసిన ఆ పెద్దవారు ఎక్కడున్నా, వింటున్నారనే అనుకుంటాను.

మీ ఇంట్లో అమ్మాయి ఏదైనా ఇష్టపడి చేస్తుంటే, దానికి మీరు ఏం పేరు పెట్టారో ఒక ఉత్తరం ముక్క రాయండి.